లాభం, రెండు, మూడు...

మా అక్క కొడుకు పుట్టిన మొదటి నెలలోనే నా ఫోన్‌లో వాడి ఫోటోలు 64 చేరాయి. హాస్టల్లో ఉండేవాడికి మేనల్లుడు పుడితే అంతే మరి. అక్క పంపిన ప్రతి ఫోటో దాచుకునేవాణ్ణి. మూడో వారంలో వచ్చిన ఒక ఫోటోలో వాడు తల కుడి భుజం మీదికి వాల్చి, గడ్డం ఎడమకు తిప్పి, పోస్టర్లో హీరో మాదిరి ఓరగా చూస్తున్నాడు. "మా అల్లుడి స్టైలే వేరు" అని రాసి స్టేటస్ పెట్టేశాను. క్లాసులో సగం మంది నవ్వు బొమ్మలు పంపారు.

ఇది రాయడానికి అసలు కారణం ఆ స్టేటస్సే.

సంక్రాంతి సెలవులకు పులివెందులలో బస్సెక్కి, ప్రొద్దుటూరులో మారి, మైదుకూరు చేరేసరికి చీకటి పడింది. నాయన పసుపు చేను దగ్గరే ఉండిపోయాడు. అమ్మ వంటింట్లో ఉంది. జేజి బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బ్యాగు కూడా దించకముందే అంది: "రేయ్, సదువుకునేటోడివి కదా, వీని మెడ సూడు. నీళ్లు పోసేటప్పుడల్లా సూస్తాండా. ఎడంపక్కకే సూస్తాడు. కుడిపక్కకు తిప్పబోతే ఏడుస్తాడు."

"అది వాడి స్టైల్ జేజీ" అని నవ్వాను.

జేజి నవ్వలేదు. నా వేలు పట్టుకుని వాడి మెడ కుడివైపున, చెవి వెనక నుంచి రొమ్ము వైపు దిగే కండ మీద మెల్లగా ఆనించింది. లోపల చింతగింజంత గట్టిగా ఏదో తగిలింది.

ఆ రాత్రి 64 ఫోటోలూ మళ్లీ చూశాను. మంచం మీద, ఉయ్యాలలో, అక్క ఒళ్లో, బావ భుజం మీద... వాటిలో 50కి పైగా ఫోటోల్లో తల ఒకే పక్కకు వాలి ఉంది. కళ్లద్దాలు లేకపోతే పేపరు చదవలేని జేజికి కనపడింది, రోజూ జూమ్ చేసి చూసిన నాకు కనపడలేదు. కనపడకపోగా దానికి క్యాప్షన్ కూడా పెట్టాను. స్టేటస్ 24 గంటల్లో పోతుంది కానీ ఆ సిగ్గు ఇంకా పోలేదు.

మర్నాడు ఇల్లు పంచాయితీ అయింది. పండక్కి జమ్మలమడుగు నుంచి వచ్చిన అక్క అత్తమ్మ "ఒకే పక్క పండుకోబెట్టి పాలిస్తే మెడ అట్లనే నిలుస్తాది" అంది. పక్కింటావిడ "గ్రహణం రోజు బయట తిరిగినావేమో గుర్తు చేసుకోమ్మా" అంది. అక్క ఏమీ మాట్లాడలేదు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నాడని ఆపరేషన్ చేసి తీశారు. ఆ కుట్లు ఇంకా పూర్తిగా మానలేదు. బిడ్డనెత్తుకుని లోపలికి పోయి తలుపు దగ్గరకు వేసుకుంది.

జేజికి మాత్రం దారి తెలుసు. పక్క ఊళ్లో మెడ సవరించే ఆయన ఉన్నాడు. "నాకు మెడ పట్టుకుంటే ఒక్క తిప్పు తిప్పినాడు. రెండు దినాల్లో పోయింది. పొద్దున్నే తీసకపోదాం."

నేను ఫోన్ తీసి, నెట్‌లో చదివింది చదివినట్టు వినిపించాను. పసిబిడ్డ మెడ తిప్పకూడదు, ప్రమాదం, అదీ ఇదీ. జేజి అంతా విని ఒకటే మాట అడిగింది: "నీ ఫోనుకు ఆ గడ్డ తగిలిందా? నా సేతికి తగిలింది."

నిజమే. నా దగ్గర జవాబు లేదు. చదువుకున్నానన్న పొగరుతో గొంతు పెంచాను. జేజి కూడా పెంచింది. బిడ్డ లేచి ఏడ్చాడు.

ఆ పూట మమ్మల్ని కాపాడింది ఆశా అక్క. పుట్టిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్తలు 42వ రోజు దాకా విడతలు విడతలుగా ఇంటికి వస్తారు. మా ఇంటికి అది చివరి విడత. ఇద్దరి మాటా విని చెప్పింది: "జేజీ, ఎవరూ తిప్పొద్దు. ఆ గడ్డను నూనె పెట్టి నొక్కొద్దు కూడా. నెలన్నర టీకా ఎట్లాగూ ఉంది కదా, దాంతోపాటు పిల్లల డాక్టరుకు చూపించండి." జేజి ఒప్పుకుంది, ఒక షరతు మీద. తను కూడా వస్తుంది.

ప్రొద్దుటూరులో డాక్టరు వెంటనే మెడ జోలికి పోలేదు. ముందు ప్రశ్నలు అడిగాడు. పుట్టినప్పటి నుంచా, ఉన్నట్టుండి వచ్చిందా? జ్వరం ఉందా? వాంతులున్నాయా? ఎక్కడైనా పడ్డాడా? తర్వాత టార్చి వేసి రెండు కళ్లూ వెలుగు వెంట తిరుగుతున్నాయా అని చూశాడు. కంటి కండరాల్లో తేడా ఉన్నా పిల్లలు తల వాల్చి చూస్తారట. కాలర్ బోన్ తడిమాడు, కాళ్లూ చేతులూ కదిలించాడు, మోకాళ్లు మడిచి తుంటి కీళ్లు పరీక్షించాడు. అన్నీ అయ్యాక మెడ. ఆ గడ్డకూ, ఎదురుకాళ్ల బిడ్డ కాబట్టి తుంటి కీళ్లకూ స్కానింగ్ రాశాడు. తుంటి బాగానే ఉంది. మెడలో ఉన్నది కండరంలోని గట్టి భాగమే, మరేమీ కాదు. ఆ గడ్డ కొన్ని నెలల్లో దానంతట అదే కరిగిపోతుందన్నాడు.

పేరు టార్టికొల్లిస్. లాటిన్‌లో మెలితిరిగిన మెడ అని అర్థం. మనం మొదటి సంవత్సరం మెకానిక్స్‌లో చదువుకున్న టార్క్ కూడా మెలితిప్పడం అనే ఆ లాటిన్ మాట నుంచే వచ్చింది. ఆ సంగతి తెలిశాక నాకు మొత్తం విషయం బొమ్మ గీసినట్టు అర్థమైంది.

కరెంటు స్తంభానికి కట్టే స్టే వైరు చూశారు కదా. ఒకవైపు వైరు కురచదైతే స్తంభం ఆ వైపుకే వాలుతుంది. మెడకు రెండు వైపులా అలాంటి కండరాలున్నాయి. పేరు స్టెర్నోక్లీడోమాస్టాయిడ్. కింది కొస రొమ్ము ఎముకకూ కాలర్ బోన్‌కూ, పై కొస చెవి వెనక ఎముకకూ అతుక్కుని ఉంటాయి. తల గట్టిగా పక్కకు తిప్పి అద్దంలో చూసుకుంటే తాడులా ఉబ్బి కనపడేది అదే. మా వాడికి కుడి వైపుది కురచగా, బిగుసుకుని ఉంది. అందుకే తల కుడికి వాలింది. మరి ముఖం ఎడమకెందుకు తిరిగింది? ఆ తాడు మెడ ఇరుసు మీదుగా పోదు, పక్క నుంచి పోతుంది. కుడి చెవి వెనక భాగాన్ని కిందికే కాదు, ముందుకు కూడా లాగుతుంది. కుడి చెవి ముందుకొస్తే ముఖం ఎడమకు తిరగాల్సిందే. వాల్చే బలం, తిప్పే టార్క్ రెండూ ఒకే తాడు నుంచి. నేను స్టైల్ అనుకున్నది ఇది.

అక్క అప్పటిదాకా నోరు విప్పలేదు. లేవబోతూ అడిగింది: "నేను పాలిచ్చేటప్పుడు సరిగ్గా పట్టుకోలేదా సార్?"

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. ఇది చాలాసార్లు కడుపులోనే మొదలవుతుందనీ, ఇరుకులో ఒకే తీరున పడుకోవడం, ఎదురుకాళ్లు, కష్టమైన కాన్పు... ఇలాంటి వాటితో ఆ కండరం దెబ్బతింటుందని భావిస్తారనీ, తొలిచూలు బిడ్డల్లో ఎక్కువ కనపడుతుందనీ చెప్పాడు. పుట్టుకతో వచ్చే ఎముకల, కండరాల సమస్యల్లో తుంటి కీలు, వంకర పాదం తర్వాత ఇది మూడోదట. అంత మామూలు విషయం. పాలివ్వడానికీ గ్రహణానికీ దీనితో సంబంధం లేదు. "నీ తప్పు ఏమీ లేదమ్మా" అన్నాడు. అత్తమ్మ మా వెనకే నిలబడి ఉంది. బయటికొచ్చాక ఆమే అక్క చేతిలోంచి సంచి తీసుకుంది. అంతకుమించి ఏమీ అనలేదు కానీ ఆ సంచి చాలు.

జేజి మాత్రం తన ప్రశ్న వదల్లేదు. "మరి నాకెట్ల పోయింది?" పెద్దవాళ్లకు మెడ పట్టేయడం వేరు అన్నాడు డాక్టరు. ఒక రాత్రి సరిగ్గా పడుకోకపోతే కండ పట్టేస్తుంది, చాలామటుకు కొద్ది రోజుల్లో దానంతట అదే వదులుతుంది. ఆ రోజుల్లో ఎవరు చెయ్యి వేస్తే పేరు వాళ్లకొస్తుంది. బిడ్డకున్నది పట్టేసిన కండ కాదు, కురచైన కండ. ఒక్క తిప్పుతో సాగదు, సాగదీయబోతే దెబ్బ తగులుతుంది. రోజూ కొంచెం కొంచెం సాగదీయాలి. మొదటి నెలల్లోనే మొదలుపెడితే నూటికి 90 మందికి పైగా పిల్లలు ఆపరేషన్ లేకుండానే బాగవుతారు. ఏడాది దాటినా బిగువు వదలని కొద్దిమందికే కత్తి అవసరమవుతుంది.

"రోజూ చేసేదైతే నేను చేస్తా" అంది జేజి.

ఫిజియోథెరపీ మేడం ముందు అక్కకు నేర్పింది. అక్క చేతులు వణికాయి. బిడ్డ కిక్కుమంటే వదిలేసేది. తర్వాత జేజి కూర్చుంది. నలుగురు బిడ్డల్ని, ఏడుగురు మనవళ్లను పెంచిన చేతులు. ఒక చేత్తో కుడి భుజం కదలకుండా పట్టి, రెండో చేత్తో తలను మెల్లగా ఎడమ భుజం వైపు వంచడం ఒకటి. గడ్డాన్ని కుడి భుజం వైపు తిప్పడం రెండోది. బలవంతం లేదు, కుదుపు లేదు. బిడ్డ గట్టిగా ఎదురు తిరిగితే ఆపేయాలి. మా వాడికి చెప్పిన లెక్క, ఒక్కో సాగదీతకు పది అంకెలు, గుడ్డ మార్చిన ప్రతిసారీ. ఈ లెక్క మా వాడిది మాత్రమే. ఎవరి బిడ్డకెంతో వాళ్ల ఫిజియో చూపించి నేర్పాల్సిందే. వీడియో చూసి చేసేది కాదు.

మేడం "పది దాకా లెక్కపెట్టు జేజీ" అంటే జేజి మొదలుపెట్టింది: "లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది..."

ధాన్యం కొలిచేటప్పుడు మా ఇళ్లల్లో ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనీ అనరు, ఆరున్నొకటి అంటారు. బిడ్డ దగ్గర "ఏడు" అనే మాట ఎట్లా అంటారు మరి! మేడం నవ్వి, "అదే లెక్క, కానీ ఇంకొంచెం నిదానంగా" అంది.

ఇంటికొచ్చాక కొన్ని పోయాయి, కొన్ని నిలిచాయి. తల గుండ్రంగా రావాలని అమ్మ కుట్టిన ఆవాల దిండు పోయింది. ఏడాది లోపు బిడ్డకు నిద్రలో ఏ దిండూ వద్దన్నారు. నీళ్లు పోసిన తర్వాత రెండు కాళ్లూ పట్టుకుని తలకిందులుగా వేలాడదీసే అలవాటు పోయింది. చీర ఉయ్యాల కొంతసేపటికే పరిమితమైంది, అందులో వాడు ఎప్పుడూ ఎడమకే ఒదిగిపోతాడు. మంచం అటుదిటు తిప్పాం. వాడికి ఎడమ పక్క గోడ, కుడి పక్క మనుషులు. ఎవరు పలకరించినా, గిలక ఆడించినా కుడివైపు నుంచే. మా నాయన పసుపు చేను నుంచి వచ్చి తెలియక ఎడమ పక్క నిలబడితే జేజి కసురుకునేది, "ఇటుపక్కకు రా, ఆ గోడకేం సెప్తావు!"

నిలిచింది జేజి నీళ్లు పోసే పద్ధతి. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డను ఆ కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి వీపు రుద్దుతుంది కదా, అది చెప్పగానే మేడం "అదే టమ్మీ టైం, ఇంకా చేయించండి" అంది. ఆ పేరు వెనక ఒక కథ ఉంది. పసిపిల్లల్ని నిద్రలో వెల్లకిలా పడుకోబెట్టమని 1994లో అమెరికాలో 'బ్యాక్ టు స్లీప్' అని పెద్ద ప్రచారం మొదలైంది. నిద్రలో హఠాత్తుగా పోయే బిడ్డల సంఖ్య బాగా తగ్గింది. కానీ ఎప్పుడూ వెల్లకిలా ఉండి తల వెనక చదునయ్యే పిల్లలు పెరిగారు. అందుకే నిద్రకు వెల్లకిలా, మెలకువలో మనిషి కనిపెట్టుకుని ఉండగా బోర్లా అన్నారు. బోర్లా పడుకున్న బిడ్డ తల ఎత్తాలని చూస్తాడు, అటూ ఇటూ తిప్పుతాడు, మెడకు రెండు వైపులా బలం వస్తుంది. మా వాడికి కూడా ఎడమ వెనక భాగం కొంచెం చదునైంది. ఎప్పుడూ ఎడమకే తిరిగి పడుకుంటే ఆ వైపే ఒత్తిడి పడుతుంది కదా.

సెలవులయ్యాక హాస్టలుకు వచ్చేశాను. పాపపరిహారంగా నేనొక పని పెట్టుకున్నాను. అక్క రోజూ ఎదురుగా ఒక ఫోటో తీసి పంపాలి. నేను దాన్ని ఆటోక్యాడ్‌లో పెట్టి, రెండు కళ్లనూ కలిపే గీతకూ రెండు భుజాలనూ కలిపే గీతకూ మధ్య కోణం కొలుస్తాను. మొదటి రోజు 18 డిగ్రీలు. ఎక్సెల్‌లో గ్రాఫ్. నా రూమ్మేట్లకు గర్వంగా చూపించుకున్నాను. మూడు వారాలకు 13 వచ్చింది. తర్వాత ఒక రోజు 16 వచ్చింది. ఆలోచించకుండా అక్కకు మెసేజ్ పెట్టాను: "3 డిగ్రీలు పెరిగింది. సరిగ్గా చేస్తున్నారా?"

ఆ రాత్రి జేజి ఫోన్ చేసింది. జేజికి ఫోన్ చేయడం రాదు, ఎవరితోనో చేయించింది. "మీ అక్క అన్నం తినల్యా. టీకా ఏసినారు, బిడ్డకు జొరం. వాలకుండా ఎట్లుంటాడు? నాయనా, బిడ్డను కొలవద్దు. వచ్చి సూడు."

టీకా వేసిన రోజు, జ్వరమొచ్చిన రోజు, నిద్రముంచుకొచ్చినప్పుడు వాలు కొంచెం ఎక్కువ కనపడటం మామూలేనని తర్వాత మేడం కూడా చెప్పింది. పైగా కెమెరా కొంచెం పక్కకు వంగినా, బిడ్డ కొంచెం కదిలినా నా కోణం మారిపోతుంది. ఎర్రర్ బార్ లేకుండా గ్రాఫ్ గీస్తే ల్యాబ్‌లో మార్కులు కోస్తారు. ఇంట్లో అదే పని చేసి, గ్రహణం అన్న పక్కింటావిడ మాదిరే నేనూ తప్పు అక్క మీద వేశాను. ఆమెది మూఢనమ్మకం, నాది ఎక్సెల్. అక్కకు రెండూ ఒకేలా తగిలాయి. ఫోన్ చేసి సారీ చెప్పాను. "పోరా, నువ్వూ మీ జేజీ" అని నవ్వింది. ఆ తర్వాత కొలవడం రెండు వారాలకోసారి, అదీ అడిగితేనే చెప్పేవాణ్ణి.

మూడో నెలకు గడ్డ చేతికి అందనంత చిన్నదైంది. నాలుగో నెలలో గిలక కోసం కుడికి సగం దాకా తిరగడం మొదలుపెట్టాడు. ఫిజియో కోసం మైదుకూరు నుంచి ప్రొద్దుటూరుకు ఎన్నిసార్లు పోయారో లెక్కలేదు. మొదట వారం వారం, తర్వాత రెండు వారాలకోసారి. బావ జమ్మలమడుగు నుంచి నేరుగా ఆస్పత్రికే వచ్చేవాడు. అక్క అత్తమ్మ కూడా కుడి పక్క కూర్చుని పాట పాడటం నేర్చుకుంది.

మిత్రులారా, మనలో చాలామంది ఇళ్లల్లో అన్నలూ అక్కలూ తల్లిదండ్రులవుతున్నారు. ఫ్యామిలీ గ్రూపులో బిడ్డ ఫోటోలు వస్తుంటాయి. లైక్ కొట్టండి, కానీ ఒకసారి వరుసగా పెట్టి కూడా చూడండి. తల ఎప్పుడూ ఒకే వైపు వాలుతుంటే, ఒకే వైపు తిరిగి పడుకుంటుంటే, పాలు ఒక పక్క తాగినంత సుఖంగా రెండో పక్క తాగకపోతే, "పెద్దయ్యాక అదే సర్దుకుంటుందిలే" అనకుండా పిల్లల డాక్టరుకు చూపించమనండి. బాగున్న మెడ ఉన్నట్టుండి వాలినా, దానితోపాటు జ్వరం, వాంతులు, మత్తు ఉన్నా ఆ రోజే వెళ్లాలి. దారి తెలియకపోతే ఆశా కార్యకర్తను అడగండి. పుట్టుకతో వచ్చే లోపాలకు పిల్లల్ని ఉచితంగా పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. ఇంకొక్క మాట. తల్లిని ఏమీ అనకండి. ఎవరైనా అంటుంటే ఊరుకోకండి.

మొన్న సెమిస్టర్ పరీక్షలయ్యాక ఇంటికి వెళ్లాను. వాడికిప్పుడు ఏడో నెల. తల వెనక చదును కొంచెం మిగిలే ఉంది, జుట్టు పెరిగితే కనపడదంటుంది అమ్మ. నిద్రొచ్చినప్పుడు మెడ ఇంకా కుడికే ఒక్క పిసరు వాలుతుంది. ఫిజియో ఆపలేదు, నడక వచ్చేదాకా చూస్తామన్నారు.

జేజి పీట వేసుకుని వాణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టింది. నేను ఎప్పటి అలవాటు కొద్దీ ఫోన్ తీశాను. జేజి చేతులింకా వాడి మెడ దగ్గరికి పోలేదు. "లాభం" అంది, అంతే. వాడు తనంతట తానే గడ్డం కుడి భుజం మీదికి తిప్పి, అక్కడ నిలబడిన నన్ను చూసి బోసిగా నవ్వాడు.

ఫోటో తీయడం మర్చిపోయాను.